పొయ్యి వెలగని తొమ్మిది ఊళ్ళు

కూర్మమ్మ కళ్ళముందే కొడుకు నూకయ్యను కాల్చారు. మెట్టపేట కళ్ళంలో, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా కాల్చారు. నూర్చిన ధాన్యంలో కూలోళ్ళ పాలు కూడా బళ్ళకెత్తించుకుపోతున్నాడు కామందు జగన్నాధం. నూకయ్య వెళ్ళి రాశి మీద కూర్చున్నాడు. లెమ్మన్నారు, లేవలేదు. కామందు మనిషి తుపాకీ గుండెకానించి పేల్చాడు. కూర్మమ్మ పరిగెత్తుకెళ్ళి తల ఒళ్ళోకి తీసుకునేసరికే ప్రాణం పోయింది. వాడికి ఇరవై రెండేళ్ళు. ఆమెకు వాడొక్కడే.

అది అరవై ఎనిమిదో సంవత్సరం, పంట నూర్పుల కాలం. కొండల్లో రగిలిన పోరు అప్పటికి వంశధార పల్లానికి దిగింది. ఒకపక్క రైతుకూలి సంఘం, ఒకపక్క కామందులు, వాళ్ళకు కాపలాగా ఊరూరా రిజర్వు పోలీసు కేంపులు. ఆ పోరు ఏళ్ళకేళ్ళు సాగిందని మీరు పుస్తకాల్లో చదివే ఉంటారు. నేను చెప్పే కథలో అలా సాగలేదు. మూడు రోజుల్లో తేలిపోయింది. కూలన్నలూ, చదువుకునే పిల్లలూ, ఎలా తేలిందో వినండి.

సంఘం పెద్ద సత్యరాజు, మిషను బళ్ళో మాస్టారు. మంచివాడే. పొద్దువాలేలోగా దహనం చేసేసి కుర్రాళ్ళను కొండెక్కించేద్దామన్నాడు. ఈ పోరుకి ఇంకా పదేళ్ళు పడుతుంది, మనుషుల్ని కాపాడుకోవాలన్నాడు. అటు కేంపు ఇనస్పెక్టరు కూడా సాయంత్రానికల్లా శవం లేవాలని కబురంపాడు. మనవాడూ పగవాడూ ఒకే మాట అంటుంటే కూర్మమ్మకు ఒళ్ళు మండింది.

"లెగదు మాస్టారూ," అంది. "ఊర్లో శవముంటే పొయ్యి ఎలిగించం గదా. కేంపులో నలబైమంది పోలీసులకి కూడొండి పెడతన్నది మన సేతులే గదా. ఆళ్ళు ఊరొదిలి పోయీదాకా నా కొడుకు లెగడు. ఎన్నాళ్ళు తినకుండా ఉంతారో సూత్తాను."

అక్కడి ఆచారం అది. శవం లేచేదాకా ఊళ్ళో ఏ పొయ్యిలోనూ నిప్పు పడదు. పసిపిల్లలకు పాలు తప్ప పెద్దవాళ్ళెవరూ ముద్ద ముట్టరు. ఇన్నాళ్ళూ దుఃఖంతో చేసిన పనిని పంతంతో చెయ్యొచ్చని ఎవరికీ తట్టలేదు, మాస్టారికి అసలే తట్టలేదు. కన్నబిడ్డ కుళ్ళిపోతుంటే చూడగలవా అమ్మా అని అడిగాడు. చూడలేనని భోరుమంది. చూడలేకపోయినా లేపనంది. కడుపు తీపి ఎంత చేదో ఆ తల్లికే తెలియాలి.

మర్నాడు పొద్దున్నే పోలీసులు లారీ వేసుకుని శవాన్ని ఎత్తుకుపోదామని వచ్చారు. ఆడాళ్ళు రోకళ్ళూ కొడవళ్ళూ పట్టుకుని కళ్ళం చుట్టూ నిలబడ్డారు. తాతమ్మ అని పండుముసలిది, వెళ్ళి శవం మీద అడ్డంగా పడుకుంది. లాఠీతో ఆమె తల పగలగొట్టారు. ఆమె అల్లుడు ఆగలేక మీదికి ఉరికితే వాణ్ణి కాల్చి పడేశారు. పక్కనున్న బుల్లమ్మ కొడవలి ఒక పోలీసు ముంజెయ్యిని ఎముకదాకా కోసింది. రాళ్ళు వానలా పడ్డాయి. దెబ్బలు తిని లారీ వెనక్కి పోయింది. ఒక శవాన్ని లేపబోయి ఇంకో రెండు చేసి పోయారు, తెలివిమాలిన సన్నాసులు. ఇప్పుడు కళ్ళంలో మూడు.

కబురు ఏరు దాటింది. పై ఊళ్ళల్లోనూ కింద ఊళ్ళల్లోనూ ఆ వారం పోరులో చచ్చి ఇంకా దహనం కానివాళ్ళున్నారు. అక్కడా లేపడం మానేశారు. సాయంత్రానికి తొమ్మిది ఊళ్ళలో పొగ లేదు. ఇనస్పెక్టరు టౌను నుంచి జీపులో అన్నం తెప్పించాడు. పోలీసులూ ఆ నేలలో పుట్టినవాళ్ళేగా, శవాలు కనపడుతుంటే గొంతు దిగలేదు. కామందు ఇంట ఏడాది జీతానికి చేసే కంబారి కొడుకు, కానిస్టేబులు అసిరయ్య, చీపురుపల్లి వైపువాడు, అందరికన్నా ముందు విస్తరి తోసేసి లేచిపోయాడు. ఆఖరికి జగన్నాధం ఇంట్లో కూడా అతని పెళ్ళాం పొయ్యి ముట్టించలేదు. తుపాకీకైతే భయపడతాను గానీ శవానికి అంతకన్నా భయపడతానందట.

మూడోనాటికి కళ్ళంలో నిలవలేని వాసన. కూర్మమ్మ వేపమండతో ఈగలు తోలుతూ కొడుకు పక్కనే కూర్చుంది. తప్పు చేశానేమో, నా బిడ్డకి కట్టెలు కూడా లేకుండా చేశానేమో అని లోపల్లోపల కుమిలిపోయింది. పైకి మాత్రం కదల్లేదు. అంతలో ఇనస్పెక్టరు నలభైమంది పోలీసులనీ వరసగా నిలబెట్టి జనాన్ని కాల్చమన్నాడు.

అసిరయ్య తుపాకీ నేలమీద పెట్టాడు. "మా అయ్యా ఇలాటి కళ్ళంలోనే సచ్చాడు సార్. నాను కాల్సను."

ఇనస్పెక్టరు పిస్తోలుతో వాడి మెడలో కాల్చాడు. నెత్తురు చిమ్ముతూ అసిరయ్య కూర్మమ్మ కాళ్ళ దగ్గర పడ్డాడు. అంతే, మిగిలిన తుపాకులన్నీ జనం మీంచి ఇనస్పెక్టరు వైపు తిరిగాయి. జనమూ పోలీసులూ కలిసి అతని మీద పడ్డారు. లేచాక చూస్తే మనిషి గుర్తుపట్టేలా లేడు. నూకయ్యను చంపినవాడు ఏట్లోకి పరిగెత్తాడు. బుల్లమ్మా ఆడాళ్ళూ వాణ్ణి నడుంలోతు నీళ్ళలో పట్టుకున్నారు. వాడు మళ్ళీ ఒడ్డెక్కలేదు.

కబురు అందగానే మిగతా కేంపుల పోలీసులూ తుపాకులు దించేశారు. ఆ సాయంత్రానికి తొమ్మిది ఊళ్ళ కేంపులూ ఖాళీ. వారం తిరక్కుండా సర్కారు బలగాన్ని జిల్లా దాటించి తీసుకుపోయింది. పదేళ్ళు పడుతుందన్న పోరు అలా ముగిసింది. మెట్టపేటలో నాలుగు పాడెలు లేచాయి. నూకయ్య పాడెకు ఒక కొమ్ము కూర్మమ్మే పట్టింది. ఆడది పాడె మొయ్యకూడదని అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

జగన్నాధం పట్నం పారిపోయాడు. కానీ భూమి పట్టా ఇంకా వాడి పేరు మీదే ఉంది. ఏటిగట్టు కింద కొయ్యని చేను ఇంకా నిలబడే ఉంది. దహనం అయిన మర్నాడే కూర్మమ్మ కొడవలి పట్టుకుని గట్టు మీద నిలబడింది. మైలలో ఉన్నదానివి, పంట ముట్టకూడదే అప్పా, పదకొండు రోజులూ పోనీ అన్నారు పెద్దలు. అన్నాళ్ళూ ఊరుకుంటే కోర్టు కాయితంతో వాడు తిరిగొస్తాడని ఆమెకు తెలుసు.

"ఆడి సేనైతే ముట్టుకుంతే మైల," అంది. "మన సేనికి మైలేటి?"

వంగి మొదటి పిడికెడు కోసింది. సత్యరాజు మాస్టారు పంచె ఎగ్గట్టి దిగాడు. వెనక ఊరు దిగింది. ఊరితోపాటు, ఖాకీ లాగులు మోకాళ్ళదాకా మడుచుకుని, తుపాకులొదిలి ఊళ్ళోనే ఉండిపోయిన పదిమంది పోలీసులూ దిగారు.