దొర మంచె

సముద్రాల అవతలి దీవిలో, లబాసా నది ఒడ్డున, చెరకు తోట నడుమ, తోట దొర ఎత్తైన చెక్క బురుజు కట్టించాడు. పైన రేకుల కప్పు, చుట్టూ కటకటాలు, దూరం చూడ్డానికి స్టాండు మీద బిగించిన దుర్భిణి, తోట అంటుకుంటే మోగించడానికి కంచు గంట. కూలీలు దాన్ని దొర మంచె అనేవాళ్లు. సూవా రేవు నుంచి స్టీమరు వచ్చినప్పుడల్లా దొరలూ దొరసానులూ మంచె ఎక్కేవారు. సముద్రాన్నీ, మిల్లు పొగగొట్టాన్నీ, చెరకు వరసల్లో వంగి ఉన్న మనుషుల్నీ చూసి ముచ్చటపడి దిగేవారు.

విజయనగరం వైపు నుంచి గిర్మిట్ అనే అయిదేళ్ల కూలి ఒప్పందం మీద వచ్చిన పైడమ్మకు వాళ్లకు టీ అందించే పని పడింది. మెట్లెక్కి మోకాళ్లు పట్టేసినా, ఎండలో కలుపు తియ్యడం కంటే నయమనుకుంది. ఒక్కటే ఆమెకు మింగుడుపడేది కాదు. చూడవచ్చినవాళ్లెవరూ లేని రోజున కూడా దొర పైకెక్కి దుర్భిణి తిప్పుతూ నిలబడేవాడు. తర్వాత గుర్రమెక్కి ఎటో పోయేవాడు. ఆ సాయంత్రం కూలీలు ఉండే లైన్లలో ఏదో ఒక గదిలో పొయ్యి వెలిగేది కాదు. ఆ గది ఆడమనిషి ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఓ పొద్దున పక్క గది జసోద పార పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అక్కా, లచ్మన్ సర్దార్ నాకు వాగు పక్క మడి ఇచ్చినాడు. ఒంటిగా చెయ్యాలంట."

"తోడు ఇమ్మని అడగనేదా?"

"అడిగినాను. దొర హుకుం, చుప్ రహో అన్నాడు."

పైడమ్మ తల తిప్పి మంచె వైపు చూసింది.

మధ్యాహ్నం స్టీమరు వాళ్లు వచ్చారు. దొర వాళ్లకు అన్నీ చూపించి, చివర తను ఒకసారి దుర్భిణిలో చూసుకుని, పనుందని దిగిపోయాడు. టీ తాగడాలు అయ్యాక ఓ పడుచు దొరసాని పైడమ్మను దయగా పిలిచి, చూడమని సైగ చేసింది.

దొర తిప్పి వదిలిన వైపే ఉంది దుర్భిణి. వాగు పక్క మడి. జసోద నడుం వంచి పని చేస్తోంది. ఆమె వెనక చెరకు కదులుతోంది. గట్టు మీద దొర గుర్రం కట్టేసి ఉంది.

"జసోదా!" అని పైడమ్మ అరిచింది. గాలికి ఆ కేక పక్కనున్నవాళ్లకే సరిగా వినపడలేదు. దొరసాని ఇంకా నవ్వుతూనే ఉంది.

పైడమ్మ గంట తాడు అందుకుంది.

చెరకు అంటుకుందనుకుని కత్తులతో సహా జనం నలువైపుల నుంచీ పరిగెత్తారు. "వాగు కాడ! వాగు కాడ!" అని ఆమె పైనుంచి గొంతు చించుకుంది. జనం వెళ్లేసరికి దొర టోపీ లేకుండా చెరకులోంచి బయటికి వచ్చాడు. అతని వెనక జసోద, చిరిగిన రవికె భుజాన్ని అరచేత్తో కప్పుకుని వచ్చింది. సమయానికే వెళ్లారు. నిప్పెక్కడని ఎవరూ అడగలేదు.

అబద్ధపు గంట కొట్టినందుకు కచేరీలో పైడమ్మకు జైలు వేశారు. జసోద నోరు విప్పబోతే, ఆ సంగతి ఈ కేసులోది కాదని కూర్చోబెట్టారు.

జైలు నుంచి వచ్చిన సాయంత్రం జసోదే ఆమెకు అన్నం వడ్డించింది.

"ఇప్పుడు ఎవులమూ ఒంటిగా పోవటం నేదు అక్కా. సర్దార్ కొడితే కొట్టనీ."

పైడమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. బయట గుర్రం అడుగులు నెమ్మదిగా లైన్ల వెంట వచ్చి, సరిగ్గా వాళ్ల గది ముందు నిలిచాయి. లైన్లలోని ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు.

గుర్రం కదల్లేదు.