బుట్ట చేతులు

తెర వెనక్కి వచ్చిన పిల్ల చేతులు చాపి నిలబడగానే చంద్రమ్మ మొదట చూసింది భుజాలకేసి. మళ్ళీ బుట్ట చేతులే. భుజం దగ్గర ఉబ్బి, మోచేతి పైన పట్టీతో బిగిసిన చేతులు. పొద్దుటినుంచి వచ్చినవాళ్ళలో సగం మందికి ఇవే. మెటల్ డిటెక్టర్ కట్టెను మెడ నుంచి మడమల దాకా తిప్పింది. మోగలేదు. అయినా ఆ ఉబ్బు మీద అరచేత్తో ఒకసారి అదిమి, "పో బిడ్డా" అంది.

మాదాపూర్‌లోని ఆ అద్దాల భవనంలో ఏదో బ్యాంకు వాళ్ళ పనులు చూస్తారు. లోపలికి ఫోన్లు, పెన్ డ్రైవ్‌లు పోకూడదు. ఆడవాళ్ళను తనిఖీ చేసే పని చంద్రమ్మది. నీలం తెర, ఒక ప్లాస్టిక్ కుర్చీ, చేతిలో కట్టె, అంతే ఆమె రాజ్యం. అందులో ఆమె ఎవరినీ నమ్మదు. నవ్వుతూ పలకరించే పిల్లనైతే అసలే నమ్మదు.

ఈ మధ్య బట్టల్ని కూడా నమ్మడం మానేసింది. నేలను ఊడ్చుకుంటూ పోయే ప్యాంట్లు, రెండు జడలు, కొప్పుకు పళ్ళ క్లిప్పులు, భుజాల మీద ఈ బుట్టలు. అన్నీ తను ఎరిగినవే. అప్పట్లో ఊరు ఊరంతా నవ్విన వేషాలు ఇప్పుడు దర్జాగా లిఫ్టు దిగి వస్తుంటే, ఇందులో ఏదో మతలబు ఉందనిపించేది. పోయినవి ఊరికే తిరిగొస్తాయా?

బుట్ట చేతుల సంగతి మరీను. చంద్రమ్మ కొండాపూర్‌కు కోడలిగా వచ్చిన కాలానికి అక్కడ జొన్న చేలే గాని అద్దాల మేడలు లేవు. గులాబి రంగు బుట్ట చేతుల జాకెట్టు వేసుకుని వచ్చింది. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలినదే కోడలికి. కడుపుతో ఉన్న పిల్ల, ఆకలికి ఆగలేక బెల్లం ముక్కో ఎండుకొబ్బరి కుడుక ముక్కో ఆ ఉబ్బులో దాచుకునేది. ఒకరోజు వాకిట్లో పదిమంది చూస్తుండగా అత్త ఆ చెయ్యి పట్టి పిండింది. కుడుక ముక్క కిందపడింది. ఆ సాయంత్రమే బుట్టలు కత్తిరించి చేతులు సన్నగా కుట్టించారు. అందుకే, ఆ ఉబ్బులో ఎంత పడుతుందో కట్టెకు తెలియకపోయినా చంద్రమ్మకు తెలుసు.

"ఆంటీ, కట్టె మోగితేనే చెయ్యి వెయ్యుండ్రి. పిల్లలు కంప్లయింట్ ఇస్తున్నరు. ఇంకోటి వస్తే నేను ఆపలేను" అని సూపర్‌వైజర్ ఆదర్శ్ అప్పటికే గట్టిగా చెప్పాడు. ఇంట్లో పక్షవాతంతో పడి ఉన్న మొగుడు వీరేశం మందులూ, గది కిరాయీ ఈ జీతం మీదే. చంద్రమ్మ తలాడించింది. ఎవరో కావాలనే తన మీద చెబుతున్నారని అనుకుంది.

ఆమెకు అందరికన్నా రసజ్ఞ మీద అనుమానం ఎక్కువ. గోదావరి వైపు పిల్ల, "బాగున్నారా అండి" అనకుండా తెర దాటదు. రోహిణి ఎండల్లో కూడా బుట్ట చేతులు మానదు. మాటిమాటికీ బయటికి వచ్చి లాకర్ తెరిచి, ఫోన్ చూసుకుని, మళ్ళీ లోపలికి పోతుంది. ఇక అంతకంటే ఏం కావాలి?

భోజనాలయ్యాక రసజ్ఞ మళ్ళీ వచ్చింది. కట్టె మోగలేదు. చంద్రమ్మ చెయ్యి భుజం దగ్గరికి వెళ్ళేసరికి ఆ పిల్ల ఎడమ చెయ్యి వెనక్కి లాక్కుంది. దొరికావే, అనుకుంది చంద్రమ్మ. ఉబ్బును పిడికిట పట్టి పిండింది. గట్టిగా ఏదో తగిలింది. గుంజింది.

"అమ్మా" అని అరిచింది రసజ్ఞ. తెర బయట వరసలో ఉన్నవాళ్ళు మాటలు ఆపేశారు.

నేల మీద రూపాయి బిళ్ళంత తెల్లటి బిళ్ళ. దాని అడుగున వెంట్రుకంత సన్నని తీగ. పట్టీ కింద నుంచి రక్తపు చుక్క ఒకటి మోచేతికి జారింది.

"షుగరండి" అని గొంతు బాగా తగ్గించింది రసజ్ఞ. "పదో తరగతి నుంచీ ఉంది. ఇది అంటించుకుంటే ఎంతుందో ఫోన్లో చూపిస్తుంది. అందుకే బయటికి వస్తుంటాను."

చంద్రమ్మ బిళ్ళ తీసి ఆమె గుప్పిట్లో పెట్టింది. "మల్ల అంటుకుంటదా?"

"అంటుకోదండి. ఇంకోటి ఉంది ఇంట్లో." కళ్ళు తుడుచుకుంది. "ఎవరికీ చెప్పకండి. వెనకటి ఆఫీసులో తెలిసి, పాపం పాపం అంటూనే నా పనంతా వేరేవాళ్ళకిచ్చేశారు. ఇక్కడ ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్నాను."

చంద్రమ్మ సిగ్గుతో చితికిపోయింది. తన కొంగుతో ఆ రక్తం తుడిచి, పట్టీ సర్ది పంపించింది.

ఫిర్యాదు చేసింది రసజ్ఞ కాదు. బయట నిలబడి అరుపు విన్నవాళ్ళు. సాయంత్రం ఆదర్శ్ పిలిపించాడు.

"ఆంటీ, ఏమన్న దొరికిందా ఆమె దగ్గర? దొరికితే జర చెప్పుండ్రి. డ్యూటీ చేసిందని రాస్త. లేకుంటే రేపటి నుంచి వద్దంటున్నరు పైవాళ్ళు."

చంద్రమ్మ అతని ముఖం పరకాయించి చూసింది. ఎర వేస్తున్నాడేమో అనుకుంది. కాదు, పాపం, నిజంగానే కాపాడదామని చూస్తున్నాడు. దొరికింది అన్న ఒక్క మాట చాలు, గది ఉంటుంది, మందులుంటాయి. ఏం దొరికిందో చెప్పాలి, అంతే. అద్దంలోంచి చూస్తే, లాకర్ల దగ్గర రసజ్ఞ సంచీ భుజాన వేసుకుంటోంది. పక్కనున్నవాళ్ళు ఏదో అడుగుతున్నారు. ఆమె నవ్వి ఏదో చెప్పి తప్పించుకుంటోంది.

"ఏం దొరకలే సార్."

"మరెందుకు గుంజిండ్రు?"

"ఊకెనే. నాకు అనుమానం రోగం. ఆ పిల్లది ఏం లేదు, తప్పు నాదే."

ఆదర్శ్ నిట్టూర్చి ఫోన్ అందుకున్నాడు. చంద్రమ్మ తెర దగ్గరికి వచ్చి కట్టెను కుర్చీలో పెట్టింది. చీర మీద తొడుక్కునే కంపెనీ చొక్కా విప్పి, గుండీలు పెట్టి, ముడతలు దులిపింది. వీరేశానికి ఏం చెప్పాలో తోచలేదు. కొంగు నిండుగా కప్పుకుని, ఎవరి వంకా చూడకుండా, మెట్ల దారిన దిగి వెళ్ళిపోయింది.

తెర పక్కన మేకుకు ఆ చొక్కా, చంకల దగ్గర చెమట ఇంకా ఆరక, వేలాడుతూ ఉంది.