బొమ్మ కంట్లో కాపలా

పుట్టబోయే బిడ్డకోసమని భర్త కొనితెచ్చిన ఎలుగుబంటి బొమ్మకు దుమ్ము దులుపుతుంటే, దాని కుడికంట్లో ఆమెకు కెమెరా కనిపించింది.

బొమ్మ కూర్చున్న అలమారకు ఎదురుగానే ఆమె కుట్టుమిషను, దాని పక్కన మంచం. ఏడో నెల కడుపుతో ఆమె బట్టలు మార్చుకునేది, కాళ్ళు బారజాపుకునేది, ఏడుపొస్తే ఏడ్చేది ఆ గదిలోనే.

ఇన్నాళ్ళూ తనకు పిచ్చెక్కుతోందేమోనని భయపడింది. నడుం వాల్చిందో లేదో భర్త ఫోను. "ఇంతసేపు పడుకుంటే ఎలా? నడవమన్నారుగా!" మిషను తొక్కితే ఫోను. గ్లాసు పట్టుకుంటే ఫోను. "మళ్ళీ కాఫీయా?" ఫోను మోగితే చాలు, గుండె దడదడలాడేది. రాత్రిళ్ళు కునుకు పట్టేది కాదు. చివరికి అత్తగారే అన్నీ కొడుక్కి మోస్తోందని గట్టిగా నమ్మి, ఆవిడతో మాటలు తగ్గించేసింది.

కడుపుతో ఉన్న మనిషిని ఏం తిన్నావు, ఎంత నడిచావు అని అడిగేవాళ్ళు ఎందరో. ఎలా ఉన్నావని అడిగేవాళ్ళే కరువు.

"అత్తయ్యా, ఇది చూడండి."

అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చూసింది. "ఛీ! ఇదేం రోగమే వాడికి? నీ క్రీము దొంగతనంగా రాసుకున్నాను, అదీ చూసుంటాడా?"

ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. "నేను... మీరే చెబుతున్నారనుకున్నా."

"నా మోకాళ్ళ గోల వినే తీరికే లేదు వాడికి, నీ కాఫీల సంగతి నేనెప్పుడు చెప్పనూ? ఏడవకు. దాన్ని సంచీలో వెయ్యి. ఇవాళ డాక్టరమ్మ దగ్గరికి వాడూ వస్తాడుగా!"

పెద్ద బట్టల దుకాణంలో సీసీ కెమెరాల తెరల ముందు కూర్చుని దొంగల్ని కనిపెట్టడం అతని ఉద్యోగం. ఎవరు వెనక్కి తిరిగి చూసినా అనుమానమే, ఎవరి చెయ్యి సంచీలోకి పోయినా అనుమానమే. ఇంటికొచ్చినా ఆ చూపు మారలేదు.

ఆ సాయంత్రం ఆస్పత్రిలో, భర్తా అత్తగారూ పక్కనే కూర్చుని ఉండగా, డాక్టరమ్మ ఆమె చేతికి కట్టిన పట్టీ విప్పుతూ మొహం చిట్లించింది. "బి.పి. మళ్ళీ పెరిగింది. ఇలాగే ఉంటే నెలలు నిండకుండానే బిడ్డను తీయాల్సి వస్తుంది. ఏమ్మా, ఇంట్లో ఏమైనా దిగులా?"

ఆమె నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు. "టెన్షన్ పడొద్దని రోజూ చెబుతూనే ఉన్నానండీ, వింటేగా! నిన్న కూడా తలుపేసుకుని, మిషను మీద తల వాల్చి ఒకటే ఏడుపు."

"అప్పుడు మీరు ఇంట్లోనే ఉన్నారా?"

"లేదండీ, డ్యూటీలో..."

ఆమె సంచీలోంచి బొమ్మ తీసి బల్లమీద పెట్టింది.

"జాగ్రత్త కోసమే..." అతను నసిగాడు.

"నేను చీర మార్చుకోవడం చూసే జాగ్రత్తా? చూసింది మీరొక్కరేనా?"



"మాట్లాడవేరా?" తల్లి గద్దించింది.

"దుకాణంలో తెరమీదే పెట్టుకుని చూసేవాణ్ణి. అక్కడి తెరలు అందరికీ కనిపిస్తాయి. నాతో పనిచేసేవాళ్ళు తనకి... ఏడుపు సీరియల్ అని పేరు పెట్టారు."

అత్తగారు కొడుకు పక్క కుర్చీలోంచి లేచి కోడలి వెనక నిలబడింది. "వీడి పక్కన కూర్చుంటే కంపరంగా ఉంది. కాన్పయ్యేదాకా మా గడప తొక్కకురా. ఎక్కడుంటావో నీ ఇష్టం."

డాక్టరమ్మ బొమ్మను బోర్లా తిప్పింది. "బి.పి.కి కారణాలు చాలా ఉంటాయి. కానీ పొద్దస్తమానం బెదురుతూ బతికే మనిషికి మందు ఒక్కటే ఏం చేస్తుంది? టెన్షన్ పడొద్దని చెప్పడం వైద్యం కాదు. గర్భిణికి కంటినిండా నిద్ర కావాలి, మనసు విప్పి చెప్పుకునే మనిషి కావాలి, నిశ్చింతగా తలుపేసుకునే గది కావాలి. అవన్నీ మీరే లాక్కుని, దిగులు పడటం ఆమె తప్పంటారా? అసలెందుకు చేశారీ పని?"

అతను బొమ్మవైపే చూస్తూ చెప్పాడు.

"పోయినసారి కడుపు నిలవనప్పుడు అది ఎవరి తప్పూ కాదన్నారు మీరు. నేను నమ్మలేదండీ. తనే ఏదో చేసుంటుందనుకున్నాను. ఈసారి చేస్తుండగానే పట్టుకోవాలని కెమెరా పెట్టాను. రోజూ చూశాను. ఒక్క తప్పూ దొరకలేదు, ఏడుపే కనబడింది. అది నా ఫోన్లవల్లేనని తెలిసి కూడా ఆపలేదు. నా అనుమానమే గెలవాలనుకున్నాను. తనకి నిద్ర లేకుండా చేసింది నేనే. నా బిడ్డని ప్రమాదంలోకి నెట్టింది నేనే."