ఒక్క పేరు మీద లైన్ క్లియర్

పదిమంది కలిసి చేసే పనిలో కంప్యూటరు ఏ నియమం పాటించాలో, రెండో అర్థానికి తావులేని భాషలో రాసివ్వడం కహ్కషాన్ ఉద్యోగం. జనగామలో ఆమె రాసినవి కరెంటు స్తంభాలెక్కేవాళ్ల ప్రాణాలకు సంబంధించిన నియమాలు. లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపించుకునే అనుమతి, తీసుకున్నవాడే ఫోన్ మెసేజీతో తిరిగివ్వాలి. తీసుకున్న పేర్లన్నీ తిరిగొచ్చేదాకా స్విచ్ వేయకూడదు. అంత పకడ్బందీగా రాశాక ఆ పిల్లకు కాస్త గర్వం ఉండదా మరి?

రాసేముందు లైన్‌మన్ల పెద్ద జైపాల్‌ను అడగకపోలేదు. అతను నవ్వేశాడు.

"ఒక్కని పేరుంటె అందరిదున్నట్టే బిడ్డా. మనుషులు దిగిండ్రా లేదా నా కండ్లతోని చూసినంకనే వాపస్ ఇస్త."

ఏళ్ల తరబడి వాళ్ల ఆనవాయితీ అది. కహ్కషాన్ విని తలూపింది. కళ్లతో చూడడాన్ని తన భాషలో ఎలా రాయాలో తెలియక వదిలేసింది.

సకల జనుల సమ్మె మొదలయ్యాక సగంమంది పనిలోకి రాలేదు. మిగిలినవాళ్లు అత్యవసర మరమ్మతులకు రెండు జట్లయ్యారు. ఆ మధ్యాహ్నం కహ్కషాన్ సబ్‌స్టేషన్‌లో ఉండగా జైపాల్ మెసేజీ వచ్చి, స్విచ్ వేయొచ్చన్నట్టు తెర పచ్చబడింది. ఆపరేటర్ చంద్రయ్య లేచి స్విచ్ దగ్గరికి నడిచాడు.

రెండో జట్టు పెద్ద సోమ్లా పేరు తెరమీద అసలు లేదని ఆమె అప్పుడు చూసింది. పొద్దున అతను మోకులేసుకుని వెళ్లడం ఆమె కళ్లారా చూసింది. జైపాల్ పేరు చాలనుకున్నాడు సోమ్లా. కొత్త పద్ధతి కదా, ఎవరి పేరు వాళ్లే ఇచ్చుకుంటారనుకున్నాడు జైపాల్.

పరుగెత్తి చంద్రయ్య చెయ్యి పట్టుకుంది.

"పచ్చగ వచ్చిందమ్మా. నువ్వు రాసిందే గద," అన్నాడతను.

"తప్పు రాసిన అన్నా. సోమ్లా ఇంక పైన్నే ఉన్నడు."

చంద్రయ్య చెయ్యి వెనక్కి తీశాడు. సోమ్లాకు ఫోన్ చేస్తే స్తంభం మీదనుంచే పలికాడు. చంద్రయ్య కుర్చీలో కూలబడ్డాడు. కహ్కషాన్ మాత్రం కూర్చోలేకపోయింది. అవే నియమాలు పొద్దునే మహబూబాబాద్‌కు, భూపాలపల్లికి వెళ్లాయి. అక్కడా సమ్మే, అక్కడా రెండేసి జట్లు. అక్కడా అదే ఆనవాయితీ.

మహబూబాబాద్‌లో వెంటనే ఎత్తారు, ఆపుతామన్నారు. భూపాలపల్లిలో ఫోన్ చివరిదాకా మోగి ఆగిపోయింది. రెండోసారి ఎవరో ఎత్తి, ఆమె నోరు తెరిచేలోపే సంతోషంగా చెప్పాడు. "ఇప్పుడే లైన్ చార్జ్ చేసినం, కరెంటిచ్చినం మేడం. మీది మంచిగ పనిచేస్తుంది."

ఎన్ని పేర్లు తిరిగొచ్చాయని అడిగింది కహ్కషాన్.

"ఒక్కటే," అన్నాడు.