నంబరు చెప్పేవాడు

నేను తీర్చుకున్న పగకు నాగవేణి దెబ్బలు తింటోందేమోనన్నదే ఇప్పుడు నాకు అన్నిటికన్నా పెద్ద భయం. చేసినదానికి మాత్రం బాధ లేదు. ఆ రోజు శివశంకర్ ముఖం ఎట్లా పాలిపోయిందో తలుచుకుంటే ఇప్పటికీ ఇంకో ముద్ద ఎక్కువ తింటాను.

మాది ఎమ్మిగనూరు. ఇంటర్ మధ్యలోనే నాకు పెళ్లి చేశారు. పాప పుట్టాక అర్హత పరీక్ష రాసి, ఆదోని స్టడీ సెంటర్లో దూరవిద్య డిగ్రీకి చేరాను. ఆదివారాలు క్లాసులు. సెంటర్లో పుస్తకాల బీరువా ఒక్కటే. మిగతావన్నీ యూనివర్సిటీ లైబ్రరీ యాప్‌లో ఉంటాయి. ఫోన్‌లోనే పుస్తకం తీసుకోవచ్చు, పద్నాలుగు రోజులకు దానంతటదే వెనక్కి పోతుంది. పాప ఒడిలో పాలు తాగుతుంటే ఒక చేత్తో ఫోన్ పట్టుకుని చదివేదాన్ని. అది కాలితో తన్నితే రెండు పేజీలు ముందుకు పోయేవి.

చిక్కంతా లోపలికి పోయే దగ్గరే. ప్రతిసారీ ఆరంకెల ఓటీపీ కావాలి. చేరిన రోజే గుమాస్తా శివశంకర్ ఆడవాళ్లందరి ఫారాల మీద తన నంబరే రాశాడు.

"మీ సిమ్ములు నెలకొకటి మారుతాంటాయమ్మా. నాదైతే పదేండ్ల నుంచి ఒకటే" అన్నాడు. మంచివాడనుకున్నాం.

ఇక పుస్తకం తెరవాలంటే ముందు అతనికి ఫోన్ చేయాలి.

"ఏం సేస్తాండావు గౌరీ?"

"నంబరు సెప్పన్నా, రాసేది ఉంది."

"అన్నా అనొద్దంటి గదా. మీ ఆయన మిల్లుకు పోయినాడా?"

ఓటీపీ గడువు పది నిమిషాలు. తొమ్మిది నిమిషాలు మాట్లాడించి అప్పుడు చెప్పేవాడు. పోనుపోను వాట్సాప్‌లో రాయసాగాడు: "ఫోటో పంపు, నంబరు పంపుతా."

ఒక ఆదివారం నాగవేణిని అడిగాను. పెద్దకడుబూరు నుంచి వస్తుంది, నాకంటే రెండేళ్లు చిన్న. తన ఫోన్ నా వైపు తిప్పింది. అవే మాటలు, ఒక్క అక్షరం తేడా లేదు. మిగతావాళ్లనూ అడిగాం. పద్దెనిమిది మందిమి తేలాం. అర్జీ పెడదామని ఒకామె అంది. సెంటర్లో అర్జీలు తీసుకునేది శివశంకరే.

మా ఆయన పేరు ఉరుకుందు. ఆయనకు చెప్పాను. మూడో రోజు నా ఫోన్‌కు రీఛార్జి చేయించుకొచ్చి, "వాన్ని వదలద్దు" అన్నాడు.

ఫోన్‌లో లైబ్రరీ ఎట్లా నడుస్తోందో చూడడానికి యూనివర్సిటీ నుంచి ఒక మేడమ్ వస్తోందని తెలిసింది. శివశంకర్ తన ఫోన్‌నే గోడ మీది తెరకు కలిపి చూపిస్తాడట. నాకు ఉపాయం తట్టింది. అందరూ ఒప్పుకున్నారు, నాగవేణి తప్ప.

"నన్ను వదిలెయ్ అక్కా. ఈ ఫోను మా మామది. ఆ శివశంకర్‌కు సేసిన ఫోన్లన్నీ దీంట్లో ఉంటాయి."

"సెరిపెయ్. ఒక్క మెసేజే గదా. నువ్వు లేకుంటే, ఈమెకు లేని కష్టం మీకేందని వాడు నిన్నే సూపిస్తాడు."

తల ఊపింది. ఊపించింది నేనే.

ఆ ఆదివారం మేడమ్ ముందు వరసలో కూర్చుంది. శివశంకర్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. "ఇంట్లో కూసోనే ఆడోళ్లు సదువుకుంటాండారు మేడమ్" అంటున్నాడు. నేను పాపను ఎడమ భుజం మీదికి మార్చుకున్నాను. అదే మా సైగ. పద్దెనిమిది మందిమీ ఒకేసారి యాప్ తెరిచాం.

తెర పైనుంచి మొదటిది జారింది: 'గౌరి, మీ ఓటీపీ.' తర్వాత సుంకులమ్మ పేరు, అన్నపూర్ణ పేరు. అతను వేలితో ఒకటి తోసేసేలోపు ఇంకొకటి.

"వీళ్ల ఓటీపీలు మీకెందుకు వస్తున్నాయి?" అంది మేడమ్.

అతను నోరు తెరిచేలోపు రెండో పని చేశాం. మాకు రాసిన మాటలనే అతనికి తిరిగి పంపాం. 'ఫోటో పంపు, నంబరు పంపుతా.' గోడ నిండా అదే. చివర వచ్చింది నాగవేణిది.

వెనక నుంచి సుంకులమ్మ అంది: "పంపప్పా ఫోటో, మేడమ్ సూస్తాంది గదా."

గది గదంతా నవ్వింది. అతను వైరు పీకాడు గానీ ఫోన్ అప్పటికే మేడమ్ చేతిలో ఉంది. అక్కడికక్కడే పనిలోంచి తీసేశారు. గడప దగ్గర అడ్డం నిలబడి, "నంబరు సెప్పి పో అన్నా" అన్నాను. అతను నా వైపు చూడలేదు. నాగవేణి వైపు చూశాడు.

ఆ సాయంత్రమే వాళ్ల మామకు ఫోన్ చేశాడు. "మీ కోడలు దినామూ నాకు ఫోన్ సేసేది, కావాలంటే కంపెనీ నుంచి లిస్టు తెప్పించుకో" అన్నాడట. పక్కింటి ఫోన్ నుంచి నాగవేణే నాకు చెప్పింది. "సెరిపినా దొరికిపోతి అక్కా" అని పెట్టేసింది. తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. వాళ్ల మామ ఫోన్‌కు ఎప్పుడు చేసినా స్విచాఫ్.

పాపనెత్తుకుని ఒకసారి వాళ్లింటికి పోయాను. వాళ్ల అత్త వాకిట్లోనే ఆపి, "ఊర్లో లేదు, ఎమ్మిగనూరామెవు నువ్వే గదా, పో" అంది. లోపల గిన్నె పడిన చప్పుడైంది. అత్త వెనక్కి తిరిగి చూడలేదు.

సెంటర్లో మా నంబర్లు మార్చారు. ఇప్పుడు ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది. నాగవేణి పేరు పక్కన రాయడానికి నంబరు లేక ఆ గడి ఖాళీగా వదిలారు.

మీరు పెద్దకడుబూరు వైపు పోతే ఆ ఇంటికి ఒకసారి పోండి. నా పేరు చెప్పకండి. పత్తి ఏరడానికి మనుషులు కావాలని అడగండి, బయటికి పిలుస్తారు. ఫోన్ మాత్రం చేయొద్దు. ఆమెను కళ్లతో చూడండి, ఎట్లా ఉందో నాకు చెప్పండి.