పొలమారిన పేరు

నెల్లిమర్లలో జూట్‌మిల్లు రోడ్డు మలుపు తిరగ్గానే జగ్గమ్మ హోటలు. రేకుల కప్పు, రెండు బల్లలు, గుమ్మం పక్కన గోలెం నిండా నీళ్ళు. బోర్డు లేదు. పొద్దున్నే చంపావతి ఏటి మీంచి వచ్చే మంచూ, ఇడ్లీ పాత్ర ఆవిరీ గుమ్మంలో కలిసిపోయేవి. లోపల కూర్చున్నవాళ్ళు ఒకరికొకరు సగం సగమే కనబడేవారు. సోమవారం మినపరొట్టె, మంగళవారం పెసరట్టుప్మా, మిగతా రోజుల్లో జగ్గమ్మకి ఏది తోస్తే అది. రాగిపిండితో కాచిన చోడి అంబలి మాత్రం ఏ రోజైనా కుండలో ఉండేది.

ఆ హోటల్లో ఎవరికైనా పొలమారితే దగ్గుతో పాటు ఒక పేరు వచ్చేది. ఆ క్షణాన వాళ్ళని ఎవరు తలుచుకుంటున్నారో ఆ పేరు, తింటున్నవాళ్ళ నోటి వెంటే. మొన్నామధ్య మిల్లులో పనిచేసే త్రినాథ్ ఉప్మా తింటూ పొలమారి "యమున!" అన్నాడు. యమున అతని పెళ్ళాం.

"నెలలు నిండిన మనిషి. ఎల్లరా, బేగెల్లు," అంది జగ్గమ్మ అట్టు తిరగేస్తూ.

అతను సగం ప్లేటు వదిలేసి సైకిలెక్కాడు. పక్కనున్నవాళ్ళు చట్నీ మరికొంచెం వేయించుకున్నారు.

గిరిబాబు ఆ హోటల్‌కి కొత్త. ముప్ఫై ఎనిమిదేళ్ళు, పెళ్ళి కాలేదు, తల్లీ తండ్రీ పోయారు. మోటారుసైకిల్ మీద టీపొడి సంచులు వేసుకుని చిన్న చిన్న హోటళ్ళకి సరుకు వేస్తాడు. పదేళ్ళు పాతపట్నం, టెక్కలి వైపు తిరిగాక కంపెనీవాళ్ళు అతన్ని ఈ లైనుకి మార్చారు. భోగాపురంలో ఎయిర్‌పోర్టు పనివాళ్ళ కోసం లేచిన పాకల్లో చేపల పులుసు దగ్గర్నుంచి, ఒడిశా సరిహద్దులో మరమరాల మీద పోసిచ్చే బఠాణీ గుగ్ని వరకూ ఏ వీధిలో ఏ చేతికి ఏ రుచి ఉందో అతనికి తెలుసు. తిన్నాక ఎలా ఉందో మొహం మీదే చెప్పేస్తాడు. అందుకు అతనికి కొంచెం గర్వం కూడా.

మొదటి రోజు తొమ్మిది గంటలప్పుడు మినపరొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడో లేదో పొలమారింది.

"గౌతమి!" అన్నాడు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

జగ్గమ్మ నీళ్ళ గ్లాసు అందించింది. "ఎవులు బాబూ? మీ సుట్టమేటి?"

"నానెరగనత్తా. ఆ పేరు గల మనిషే నాకు తెలీదు."

"నీకు తెలీకపోతే ఏటి? ఆవిడికి నువ్వు తెలుసు."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. సరిగ్గా తొమ్మిదికి పొలమారేది, గౌతమి అనేవాడు. వారం తిరిగేసరికి హోటల్లో వాళ్ళంతా గిరిబాబు ప్లేటు పక్కన ముందే నీళ్ళు పెట్టడం మొదలుపెట్టారు.

పొద్దున లేస్తే తనని తలుచుకునే మనిషి భూమ్మీద ఒకరున్నారన్న సంగతి గిరిబాబుని మెల్లగా మార్చేసింది. రెండు కొత్త చొక్కాలు కుట్టించుకున్నాడు. బండి నడుపుతుంటే రోడ్డుకి రెండు పక్కలా జీడితోటలు కదిలిపోయేవి. ఏదో ఒక తోట చివర ఒకావిడ నిలబడి తనకేసి చూస్తున్నట్టుండేది. దగ్గరికెళ్తే చెట్టే. మళ్ళీ తర్వాతి మలుపులో నిలబడేది.

ఎప్పుడో ఎక్కడో తనని చూసి ఉంటుందనుకుని, ఆదివారాలు పాత లైనంతా తిరగడం మొదలుపెట్టాడు. ప్రతి హోటల్లోనూ తిని, "మీ ఇంట్లో గౌతమి అని ఎవరైనా ఉన్నారాండి?" అని అడిగేవాడు. టెక్కలిలో ఒకాయన ఉందని పెరట్లోకి తీసుకెళ్ళాడు. అది గేదె. పేరు పిలిస్తే తలెత్తి చూసింది గానీ, గిరిబాబుని తలుచుకుంటున్న ఛాయలేవీ దాని మొహంలో కనబడలేదు.

మూడో ఆదివారం మధ్యాహ్నానికి పాతపట్నం చేరాడు. అక్కడ చంద్రశేఖరం గారి మెస్సు ఉంది. ఒకప్పుడు ఆయన గుళ్ళో వంట చేసేవాడు. ఇప్పుడు డెబ్భై ఆరేళ్ళు. విస్తరి వేస్తూ గిరిబాబుని గుర్తుపట్టాడు.

"ఏమోయ్ టీపొడీ! మంచివేళకొచ్చావు. వచ్చే నెల మూసేస్తున్నాం. చేతులు వణుకుతున్నాయి. నిన్న గిన్నెడు పప్పు వొలకబోశాను." అని, లోపలికి తిరిగి కేకేశాడు. "గౌతమీ, మంచినీళ్ళమ్మా!"

గిరిబాబు చొక్కా సర్దుకున్నాడు.

లోపల్నుంచి వచ్చినావిడకి నలభై అయిదేళ్ళుంటాయి. చంద్రశేఖరం గారి కోడలు. చేతులకి సబ్బు నురగ, కొంగు నడుముకి బిగించి ఉంది. గిరిబాబుని చూడగానే చేతిలో చెంబు పట్టుకుని అక్కడే ఆగిపోయింది.

"మీరా," అంది.

"నన్ను... మీరు తలుసుకుంటన్నారా అండీ? రోజూ పొద్దున్న, తొమ్మిదింటికి?"

"మీకెలా తెలుసు?"

"నెల్లిమర్లలో పొలమారతన్నాది."

ఆవిడ తలూపి చెంబు కింద పెట్టింది. "మావయ్యగారు తొమ్మిదింటికి చారుకి పోపు వేస్తారు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా మీరు గుర్తొస్తారు. 'పంతులుగారూ, ఈ సారు కంటే సెయ్యి కడుక్కున్న నీళ్ళు నయం' అన్నారు మీరు. మెస్సులో అందరూ నవ్వారు. నేను తలుపు వెనకాలే ఉన్నాను."

గిరిబాబుకి ఆ మాట గుర్తు లేదు. కానీ అది తన మాటేనని మాత్రం తెలిసిపోయింది.

"కరోనా వచ్చి తగ్గాక నాకు వాసన తెలీకుండా పోయింది. పోపు చిటపట విని వండేదాన్ని," అంది గౌతమి. ఆ గొంతులో కోపం లేదు. "ఆ రోజు ఎదురింట్లో పెళ్ళి మేళం. చప్పుడు వినబళ్ళేదు. మాడిపోయింది."

"మరి... ఇప్పుడో?"

"నాలుగు నెలలకి వాసన వచ్చింది. గిన్నెలు తోముతుంటే ముందు సబ్బు వాసన తెలిసింది. మావయ్యగారు రెండుసార్లు గరిటె చేతికిచ్చారు. నేనే తీసుకోలేదు. పట్టుకుంటే మీ నవ్వు వినిపిస్తుంది."

చంద్రశేఖరం గారు కుర్చీలో వణికే చేతుల్ని వొళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

గిరిబాబు విస్తరి ముందు నుంచి లేచాడు. పదేళ్ళలో ఇలాంటి మాటలు ఎన్ని హోటళ్ళలో అనుంటాడు? ఎన్ని తలుపుల వెనక ఎవరెవరు నిలబడి ఉన్నారో? కొత్త చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"అమ్మా," అన్నాడు, "నా కోసం సారు పెట్టండి. ఇయ్యాల. ఇప్పుడే. మాడితే మాడిందే తాగుతాను."

"నా వల్ల కాదు."

"నేను గుమ్మంలో నిలబడతానమ్మా. నవ్వను."

ఆవిడ నడుముకున్న కొంగు మళ్ళీ బిగించింది. తర్వాత కొళాయి కింద చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. చింతపండు పిసికింది. మిరియాలు, జీలకర్ర దంచింది. మూకుడు వేడెక్కాక చేతిలో ఆవాలు పట్టుకుని ఆగింది. గిరిబాబు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆవాలు పడ్డాయి, చిటపటలాడాయి. ఇంగువ పొంగి, వాసన మెస్సంతా నిండి, వీధిలో పోతున్న రిక్షావాడు బండి ఆపాడు.

విస్తట్లో వేడన్నం మీద చారు పోసి, ఆవిడ ఎదురుగా నిలబడింది. "ఉన్నదున్నట్టు చెప్పండి."

గిరిబాబు కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఉప్పు ఒక్క పలుకు తగ్గిందమ్మా," అన్నాడు చివరికి. "నేను తినొచ్చిన వీధులన్నిట్లోనూ ఇంత మంచి సారు లేదు. మరింత పొయ్యండి."

గౌతమి ఉప్పు డబ్బా కోసం వెనక్కి తిరిగేసరికి చంద్రశేఖరం గారు కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని నడిచి వచ్చి, గిరిబాబు పక్కన పీట మీద కూర్చున్నాడు. నలభై ఏళ్ళుగా అందరికీ వడ్డించాకే తిన్న మనిషి.

"నాకూ ఒక విస్తరి వెయ్యమ్మా," అన్నాడు.

ఆవిడ విస్తరి వేసింది. అన్నం పెట్టింది. గరిటె ముంచి చారు పోసింది. ఆయన కళ్ళు మూసుకుని ఒక ముద్ద తిన్నాడు, ఇంకొకటి తిన్నాడు. ఆవిడ రెండో గరిటె ఎత్తింది. ఆయన విస్తరికి చెయ్యి అడ్డం పెట్టలేదు.