రావలసినవారు ఇద్దరు

ముద్రాయన సిరామెత్త మీద రెండు చుక్కలు వేసి, వేలితో పులిమి, ఆ వేలిని జుట్టుకు తుడుచుకున్నాడు. ముప్పై ఒక్కేళ్లుగా ఇదే అలవాటు. ఆయన జుట్టు ఇంకా నల్లగా ఉండటానికి కారణం అదేనని భార్య ఊరంతా చెప్పి పెట్టింది.

ఆ చిన్న విమానాశ్రయానికి పెద్ద విమానాలు రావు. సరిహద్దు అవతలి నుంచి సొంత విమానాలున్నవాళ్లు వస్తారు. ఎందరొస్తున్నారో, ఏం తెస్తున్నారో, ఎన్నింటికి దిగుతారో ముందే కబురు పంపాలి. దిగాక పసుపు గీతల గడిలో ఆగి, కస్టమ్స్ గుమస్తా అయిన ఈ ముద్రాయన వచ్చేదాకా తలుపు తీయకూడదు. ఆయన తలలు లెక్కపెట్టి ముద్ర గుద్దితేనే నేల మీద కాలు. ఎంత కోటీశ్వరుడైనా అద్దానికి ముక్కు ఆనించి కూర్చోవాల్సిందే.

మోత విని అది ఎవరి విమానమో చెప్పేస్తాడాయన. పైలట్ పొద్దున టిఫిన్ తిన్నాడో లేదో కూడా చెబుతాడని క్యాంటీన్‌వాళ్లు అంటారు. అందులో సగం తీసేసినా మిగిలింది తక్కువేమీ కాదు. అయితే ఒక్కసారి కూడా విమానం ఎక్కినవాడు కాదు. అంత ఇనుము గాలి మీద కూర్చుని రావడం ఆయనకు ఏ రోజుకారోజు కొత్తే. చక్రాలు నేలను తాకేదాకా నోరు కొంచెం తెరుచుకునే ఉంటుంది.

పొద్దున రాతిపలకల వ్యాపారి దిగాడు.

"ముగ్గురని రాశారు. నాలుగు తలలు కనబడుతున్నాయే?"

"అది కుక్కండీ."

"దానికి తల లేదా?"

"సామాన్లలో రాసుకోండి సార్."

"ఊపిరున్నదాన్ని సామాన్లలో ఎలా రాస్తానండీ? ఊపిరి లేకపోతేనే సరుకు."

వ్యాపారి గొణుక్కుంటూ కాగితం మళ్లీ రాశాడు. కుక్క మాత్రం ముద్రాయన బూట్లు వాసన చూసి ఒప్పుకుంది.

మధ్యాహ్నం భార్య ఫోన్ చేసింది. "ఎంతమంది దిగారు?"

"ముగ్గురూ ఒక కుక్కా. మూడింటికి ఇద్దరు రావాలి."

"మీరెప్పుడు ఎక్కుతారు?"

"నేనెక్కితే ముద్రెవరు గుద్దుతారే?"

మూడింటికి రెండు సీట్ల విమానం వచ్చి గడిలో ఆగింది. అద్దంలోంచి రెండు తలలు కనిపించాయి. లెక్క సరే. తలుపు తీశాడు. నడుపుతున్నది నలభై ఏళ్ల ఆడమనిషి. ఇంజను ఆగినా ఆమె చేతులు ఇంకా కంట్రోళ్లను వదల్లేదు. పక్క సీట్లో ముసలాయన కిటికీకి నుదురు ఆనించి ఉన్నాడు. కళ్లజోడు ముక్కు కొసకు జారింది.

"మా నాన్నండీ. ఒంట్లో బాగోలేక ఇంటికి తీసుకెళ్తున్నా. అక్కడ మా మేనత్త ఎదురుచూస్తూ కూర్చుంది. గేటు బయట అంబులెన్సు ఉంది." తండ్రి భుజం కదిపి చూసి అంది, "పలకడం లేదు."

ముద్రాయన ముసలాయన మణికట్టు పట్టుకుని చూశాడు. వెచ్చగానే ఉంది, నాడి మాత్రం అందలేదు. అంబులెన్సులోని నర్సు పరుగున వచ్చి, చూసి, తల అడ్డంగా ఊపింది.

కాగితంలో 'రావలసినవారు ఇద్దరు' అని ఉంది. ఒకరిని కొట్టేస్తే ఆయన్ని సరుకుల గడిలో రాయాలి. అవతలి దేశం నుంచి పత్రాలు వచ్చేదాకా, పది రోజులో పదిహేనో, చల్లని గదిలో పెట్టాలి. ఆమెకూ ఆ సంగతి తెలుసు. తండ్రి వైపు కాదు, కాగితం వైపే చూస్తోంది.

"చివరికి ఏమన్నారమ్మా?"

"వచ్చేశామే అన్నాడు."

"ఎక్కడ?"

"ఏరు దగ్గర."

"అవతలి ఒడ్డా, ఇవతలి ఒడ్డా?"

"ఇప్పుడదెందుకండీ?"

"చెప్పమ్మా."

"ఇవతలే. ఒడ్డున ఎవరో దుప్పట్లు ఆరేశారు. వాటిని చూసి నవ్వాడు. అప్పుడే అన్నాడు."

ఆ ఏరే సరిహద్దు. ముద్రాయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అయితే మీ నాన్న మనిషిగానే వచ్చారమ్మా. పోయింది ఇవతలికి వచ్చాకే. సర్టిఫికెట్ ఇక్కడి డాక్టరే రాసిస్తాడు. సాయంత్రానికి ఇంటికి తీసుకెళ్లొచ్చు."

వచ్చినవారు: ఇద్దరు. ముప్పై ఒక్కేళ్లు దబ్బున పడిన ముద్ర ఆ రోజు చప్పుడు లేకుండా ఆనింది.

డాక్టరొచ్చి వెళ్లాడు. అంబులెన్సూ వెళ్లింది. ఏమైనా మరిచిపోయారేమో చూడటం కూడా ఆయన పనే. లోపలికి వంగి చూసినవాడు, ఎందుకో ఎక్కి ముసలాయన సీట్లో కూర్చున్నాడు. విమానం నేల మీదే ఉంది. అయినా రెండు చేతులతో సీటు అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఇంటికెళ్లి భార్యకేం చెప్పాలి, ఇద్దరు దిగారనా?

జేబులో అద్దాలు తుడిచే గుడ్డ ఉంది. తీయలేదు. కిటికీ అద్దం మీద, ఆయన కళ్లకు సరిగ్గా ఎదురుగా, అరచేతంత నుదుటి మరక.